ఉప్పు తక్కువైందన్న మాట

ఆ కుటుంబంలో ఎవరింటి గడప తొక్కినా ముందు వంట గొప్ప వినాలి, మంచినీళ్లు ఆ తర్వాతే. తలా ఒక వంట, తలా ఒక పిచ్చి. ముగ్గురు తోబుట్టువుల్లో తమ్ముడు కారు నడపటం నేర్పుతాడు. వారమంతా కొత్తవాళ్ల పక్కన కూర్చుని గొంతు పోయేలా అరిచి, ఆదివారం మాత్రం చేపల కూర ముందు నోరు కట్టేసుకుంటాడు. ఆ పూట వంటింట్లోకి పెళ్లాన్ని కూడా రానివ్వడు. రుచి చూసేది కళ్లు మూసుకునే, తెరిస్తే తెలియదట! చెల్లెలు బట్టలు కుడుతుంది. ఆమె కోడిగుడ్ల కూరకు వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు గానీ, ఆ ఇంట్లో ఆ కూర దొరకటమే గగనం. చేసిన గంటలో వీధంతా పంచేస్తుంది. చేతిలో ఏదైనా ఉంటే ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఆ మనిషికి తోచదు. ఇక వీళ్ల మేనత్తకు ఎనభై దాటాయి. ఒకప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్లతో కూడా పొరుగూరికి వినపడేలా మాట్లాడుతుంది. ఆవిడ వెల్లుల్లి సూపు తాగితే జలుబు పారిపోతుందంటారు. ఆవిడ గొంతు వినే పారిపోతుందని తమ్ముడి వాదన.

వీళ్లలో పెళ్లి చేసుకోకుండా ఉండిపోయింది ఆ ముగ్గురిలో పెద్దది, పెద్దమ్మ. చెల్లెలి కూతురు పిలిచే పిలుపు అది. వినీ వినీ తక్కినవాళ్లకూ తరచు అదే పిలుపు అలవాటైంది. కళ్లజోళ్ల దుకాణంలో ముప్ఫయ్యేళ్లుగా అద్దాల అంచులు అరగదీస్తోంది. పెద్దమ్మకు వంట రాదని కుటుంబం ఏనాడో తేల్చేసింది. తేల్చటమేముంది, ఆమె చేతిలో కూర నీళ్లయినా అవుతుంది, మసైనా అవుతుంది. చేతనైంది ఒక్కటే. బాగా పండిన టమాటాలు ఉడికించి, తొక్క తీసి, మెదిపి, దగ్గరపడేదాకా మరిగించి సీసాల్లో పోయటం. దాన్ని వంట అని ఎవరూ అనరు. కానీ తమ్ముడి చేపలకీ, చెల్లెలి గుడ్లకీ, మేనత్త సూపుకీ ప్రాణం ఆ గుజ్జే. సీసా అడుగంటగానే "పెద్దమ్మా, అయిపోయింది" అని ఫోను వస్తుంది. ఆ ఒక్క ఫోను కోసం ఆమె ఎంత కాచుకుని ఉంటుందో వాళ్లకు తెలియదు.

గుజ్జుకు ఇనుము తగిలితే రుచి చెడుతుందని ఆమె పట్టుదల. కలిపేది కొయ్య గరిటెతో, సీసాల్లో పోసేది గాజు గ్లాసుతో. వేడివేడి గుజ్జులో గాజు గ్లాసేమిటి తల్లీ అని ఎవరైనా అంటే మూతి ముడుచుకుంటుంది. అలాగే ఆదివారం నాలుగు సీసాలు నింపింది. ఒకటి తనకు ఉంచుకుని మూడూ మూడిళ్లకూ పంపింది.

గురువారం పొద్దున నీళ్లు తాగుదామని అదే గ్లాసు తీసింది. అలవాటుగా వేలు అంచు చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగింది. అంచున చిటికెన గోరంత ముక్క లేదు.

పెద్దమ్మ అంట్లు తోమే తొట్టి వెతికింది. నీళ్లు పోయే జల్లెడ విప్పి వెతికింది. నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి చూసింది. ఎక్కడా లేదు. తన సీసాలోని గుజ్జంతా పలచటి గుడ్డలో వేసి వడకట్టింది. గుడ్డమీద గింజలు తప్ప ఏమీ మిగల్లేదు. ముక్క కడిగేటప్పుడు ఊడి నీళ్లలో కొట్టుకుపోయి ఉండొచ్చు. లేదా మిగిలిన మూడు సీసాల్లో ఒకదాంట్లో ఉండొచ్చు.

చెప్పెయ్యవచ్చు కదా అంటారు మీరు. మూడు ఫోన్లు, మూడు మాటలు, అయిపోయేది. కానీ చెబితే ఇంకెప్పుడైనా ఆమె చేతి గుజ్జు ఎవరైనా ముట్టుకుంటారా? పెద్దమ్మ ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. చెల్లెలు కుట్టు దుకాణానికి వెళ్లిపోయే వేళ కావటంతో ముందు ఆమెకే చేసింది.

"ఏమే, ఆ సీసా ముట్టుకోకు. ఉప్పు వెయ్యటం మర్చిపోయా. సాయంత్రం వచ్చి తీసుకెళ్లి మళ్లీ కాచి ఇస్తా."

"ఉప్పేగా! నేను వేసుకోలేనా ఏమిటి?"

"వద్దన్నానా! ముట్టుకోకు, అంతే."

కళ్లజోళ్ల దుకాణం యజమానికి తలనొప్పని చెప్పి పూట సెలవు తీసుకుని మేనత్త ఇంటికి పరుగెత్తింది. తలుపు తియ్యగానే వెల్లుల్లి వాసన కొట్టింది. పొయ్యి మీద సూపు కుతకుతలాడుతోంది. పక్కనే సీసా, సగం ఖాళీ.

"అత్తా, దీంట్లో ఉప్పు తక్కువైంది. తీసుకుపోతా."

"తక్కువా?" అని అరిచింది మేనత్త. "నిన్న కాచుకు తాగాను, సరిగ్గా ఉంది. నా నాలుకకే వంక పెడతావా?"

"కాదత్తా..."

"ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోటం ఎక్కడ నేర్చావే? నా ఇంటికొచ్చింది నాదే!" అంటూ సీసా ఒళ్లో పెట్టుకుంది. "సీసా కావాలంటే ముందు నా సూపు తాగి, ఉప్పు తక్కువని నా మొహం మీద చెప్పు."

గిన్నె ముందుకొచ్చింది. పెద్దమ్మ చెంచా ముంచింది. గుటకకు ముందు నాలుకతో నోరంతా గాలించింది. పళ్ల మధ్య కరకరమన్నది వెల్లుల్లా, గాజా? వెల్లుల్లే. మళ్లీ చెంచా, మళ్లీ గాలింపు. మేనత్త తన గిన్నె నింపుకోబోతుంటే పెద్దమ్మ కంగారుగా కుండ లాక్కుంది.

"ఇంకొంచెం నాకే పెట్టత్తా. చాలా బాగుంది."

రెండో గిన్నె, ఆపైన కుండ అడుగున ఉన్నది కూడా తనే తాగేసింది. మేనత్త నోరెళ్లబెట్టి చూసింది.

"ఇన్నేళ్లలో నా సూపు ఇంత ప్రేమగా ఎవరూ తాగలేదే," అంది. ఆ ఒక్కసారి ఆవిడ గొంతు మామూలుగా పలికింది. పెద్దమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మేనత్త ఆ సంతోషంలో సీసా తనే సంచిలో పెట్టి ఇచ్చింది.

తమ్ముడి ఇంట్లో పని తేలిగ్గానే అయింది. అతను ఎవరికో కారు వెనక్కి తిప్పటం నేర్పుతున్నాడు. మరదలు మారు తాళంచెవితో అలమర తెరిచి, మూత కూడా తియ్యని సీసా చేతిలో పెట్టింది.

"ఆదివారానికని తాళం వేసి మరీ దాచుకున్నారు వదినా. నేనిచ్చానని చెప్పకు, నన్ను నమిలేస్తారు," అని నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వాలనుకుంది గానీ నవ్వు రాలేదు.

మిగిలింది చెల్లెలి సీసా. అక్కడికి చేరేసరికి మూడున్నర దాటింది. చెల్లెలు దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో గౌను అంచు మడుస్తోంది. పెద్దమ్మను చూసి సూదులు తీసింది.

"ఇంటికెళ్లకు అక్కా, సీసా అక్కడ లేదు. మా ఆయన చేత మధ్యాహ్నం అమ్మాయి ఇంటికి పంపించేశా."

"పంపించేశావా? ముట్టుకోవద్దన్నాను కదే!"

"ఉప్పు వెయ్యలేదన్నావుగా! అమ్మాయి పాపకి ఇప్పుడిప్పుడే మెత్తటివి పెడుతున్నారు. ఉప్పు లేనివే పెట్టమని డాక్టరు చెప్పాడట. నువ్వు ఫోను పెట్టగానే అనుకున్నా, పసిదానికి ఇది కలిసొచ్చిందని. చెబితే మళ్లీ వద్దంటావని చెప్పలేదు. నాలుగింటికి పెడుతుంది దానికి, ఆలుగడ్డలో కలిపి."

పెద్దమ్మ చూపు గోడ గడియారం మీదికి పోయింది. నాలుగుకు పది నిమిషాలు.

"అందులో గాజు ముక్క ఉందేమోనే," అంది.

చెల్లెలికి అర్థం కాలేదు. పెద్దమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి అరిచి చెప్పింది. చెల్లెలి చేతిలోంచి సూదులన్నీ నేల మీద పడ్డాయి. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఫోను చేశారు. అవతల మోగుతోంది, ఎవరూ తియ్యటం లేదు. పాపకు తిండి పెట్టేటప్పుడు ఫోను చూస్తే అది నోరు తెరవదని, అమ్మాయి దాన్ని వేరే గదిలో పెడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అమ్మాయి ఇల్లు రెండు వీధుల అవతలే. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సీసాలు గలగలమనే సంచి భుజాన వేసుకుని ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. చెల్లెలు ఏడుస్తూ వెనకాల వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లేసరికి పాప ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. మూతి చుట్టూ ఎర్రగా ఉంది.

"ఆపు! పెట్టకు! అందులో గాజు పెంకు ఉండొచ్చు!" అని అరిచింది పెద్దమ్మ.

అమ్మాయి చెంచా గాల్లోనే ఆగిపోయింది. తర్వాత చెంచా పారేసి, పాప నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా తీసేసింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఎంత తింది?" అని చెల్లెలు అడిగింది.

"నాలుగు చెంచాలు. నాలుగే అమ్మా, నాలుగే," అంటూ అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా బిడ్డను ఎత్తుకుని వీధి చివర ఆసుపత్రికి పరుగెత్తింది. చెల్లెలు వెంట వెళ్లింది. పెద్దమ్మను ఎవరూ రమ్మనలేదు.

ఆమె వంటింట్లో ఒక్కతే మిగిలింది. సీసాలో ఉన్నదంతా వెడల్పాటి పళ్లెంలో వంపింది. గుడ్డ కోసం వెతకలేదు, వేళ్లే దించింది. గింజ, పీచు, గింజ, గింజ. దొరకాలి, ఇందులోనే దొరకాలి. దొరక్కపోతే ఆ నాలుగు చెంచాల్లో లేదని ఎవరు చెప్పగలరు? "నా తండ్రీ, నా వేలు తెగనీ," అని పైకే అనేసింది. పళ్లెం సగానికి వచ్చింది. ఇంకా లేదు. పాప గిన్నెలో మిగిలిన ఆలుగడ్డ ముద్ద కూడా పిసికి చూసి మళ్లీ పళ్లెం దగ్గరికి వచ్చింది. అంచు వైపు తోసిన గుజ్జులో చూపుడు వేలు చుర్రుమంది.

కడిగి చూసింది. చిటికెన గోరంత ముక్క. గ్లాసు పొద్దుటి నుంచి చేతిగుడ్డలో చుట్టి సంచిలోనే ఉంది. ముక్కను అంచున ఆనించింది. సరిగ్గా అతికింది, ఆవగింజంత కూడా ఖాళీ లేదు. వేలి నుంచి రక్తం కారుతుండగా పెద్దమ్మ నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. చెల్లెలికి ఫోను చేసి "దొరికింది, మొత్తం దొరికింది" అని చెప్పటానికి ఆమెకు మూడుసార్లు పట్టింది.

గంట తర్వాత వాళ్లు తిరిగొచ్చారు. నోరూ గొంతూ బాగానే ఉన్నాయని, భయం లేదని, రెండు రోజులు కనిపెట్టి ఉండమని డాక్టరు చెప్పాడు. పాప తల్లి భుజం మీద సోలిపోయి ఉంది. చెల్లెలు "పోనీలే, పోనీలే" అని ఎవరికి చెబుతోందో తెలియకుండా చెబుతూ పళ్లెం కడగబోయింది. అమ్మాయి మాత్రం పెద్దమ్మ ఎదురుగా నిలబడింది.

"పొద్దున్నే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఉప్పని ఎందుకు చెప్పావు?"

"భయమేసిందమ్మా."

"మాకేమవుతుందోనని భయమా, నీకేమవుతుందోనని భయమా?"

చెల్లెలు కుళాయి కట్టేసింది. "రెండూ" అనబోయింది పెద్దమ్మ. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా పొద్దుటి నుంచి చెప్పిన అబద్ధాలు చాలనిపించింది.

"నాకేమవుతుందోననే," అంది. "మీ అందరికీ తలా ఒక వంట ఉంది. నాకున్నది ఆ గుజ్జొక్కటే. ఇక నన్నెవరూ అడగరనుకున్నా."

అమ్మాయి పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. తర్వాత కాలితో ఒక కుర్చీని ఆమె వైపు జరిపింది.

"కూర్చో. నా కోపం ఇంకా పోలేదు, ఇప్పట్లో పోదు కూడా. దీన్ని పడుకోబెట్టి వస్తా, వెళ్లిపోకు," అంది.