చెల్లి బుడగలు

తెగిన పట్టుపోగును అతికేటప్పుడు ఊపిరి బిగబట్టాలని చెల్లికి నేర్పింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినదానికి ఎవరైనా సముద్రాన్ని తిట్టబోతే కాస్త ఆగండి.

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. చీర ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ఒక మనిషి చేతులు చాలవు కాబట్టి ఒకే మగ్గం మీద ఇద్దరం కూర్చుంటాం. నేను కుడివైపు, చెల్లి ఎడమవైపు. అంచు పోగు ఎంత సన్నమంటే, తెగిన కొసలు పట్టుకుని మెలిపెట్టేటప్పుడు ముక్కులోంచి గాలి తగిలినా ఎగిరిపోతుంది. నాయన నాకు నోటితో చెప్పి నేర్పాడు. నాకు అంత ఓపిక లేదు. చెల్లికి పదేళ్లప్పుడు ఆమె ముక్కు ముందు పట్టుపోగు వేలాడదీసి, అది కదిలితే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఏడ్చింది, నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి నాకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆపగలిగేది. వచ్చిన చుట్టాలందరికీ అదొక గొప్పగా చెప్పుకున్నాను.

నిరుడు ఒకామె చీర నేయించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. హైదరాబాద్ మనిషి, తమిళనాడు తీరంలో ఉంటూ, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడం నేర్పుతుంది. అంచు మీద హంసలు వద్దంది, నెమళ్లు వద్దంది, సముద్రపు గుర్రాలు కావాలంది. ఫోన్‌లో ఫొటో చూపించింది. వేలెడంత జీవి, గుర్రం మూతి, గడ్డిపరకకు తోక చుట్టుకుని నిలబడి ఉంది. చెల్లి ఆ ఫోన్ ఎంతకీ తిరిగివ్వలేదు. తోక అవతలి పక్క ఎట్లా తిరిగిందో కనపడటం లేదని, అది తెలియకుండా డిజైన్ కాగితం మీద గళ్లు నింపలేనని పట్టుబట్టింది. ఆమె నవ్వి, అయితే వచ్చి మీరే ఫొటో తీసుకోండి, నేను నేర్పుతాను అంది. ఈత వచ్చా అని అడిగింది. పాన్‌గల్ దగ్గర మా మేనమామ చేనుబావిలో మునిగి తేలినవాళ్లం, రాకేం?

నాయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "సీరెలు నేసెటోళ్లకు నీళ్ల కింద ఏం పని?" అన్నాడు. ఎండాకాలంలో చీర దించి, కొత్త పడుగు ఎక్కించకముందే బయలుదేరాం. ఖాళీ మగ్గాన్ని వదిలి దూరం పోవడం మంచిది కాదని గొణుగుతూనే రైలెక్కించాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాం.

అక్కడ ఆమె, ఇక మాకు టీచరమ్మ, మొదటి రోజే చెప్పింది. "ఏది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. నీళ్లలో ఊపిరి ఆపకూడదు. గాలి నిండా పీల్చి, బిగబట్టి పైకి వచ్చారంటే లోపలి గాలి ఉబ్బుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. మనిషి ఎత్తు లేచినా చాలు." పక్కవాళ్ల బుడగలు చూస్తూ ఉండమంది. బుడగలు వస్తున్నాయంటే ఊపిరి ఆడుతున్నట్టే.

ఛాతీ లోతు నీళ్లలో మునిగి నేర్చుకునేటప్పుడే నేనొకటి కనిపెట్టాను. నడుం పట్టీ బిగించుకుంటున్నా, కెమెరా డబ్బా మూత సర్దుతున్నా, వేళ్లకు సన్నపని తగిలిన ప్రతిసారీ చెల్లి బుడగలు ఆగిపోతున్నాయి. ఆమెకు ఆ సంగతే తెలియదు. ఎందుకో నాకు తెలుసు. చెబితే టీచరమ్మ ఆమెను దింపదు. ఇంత దూరం వచ్చి ఆ గుర్రాన్ని చూడకుండా వెళ్లాలంటే చెల్లి ఏడుస్తుంది. అదొక్కటే కాదు. ఆ అలవాటు ఎక్కడిదని అడిగితే ఏం చెప్పాలి? సిగ్గుపడి ఊరుకున్నాను.

నాలుగు రోజులు దిగినా గడ్డి తప్ప ఏమీ కనపడలేదు. సముద్రం అడుగున మోకాలెత్తు గడ్డి ఒకే పక్కకు వాలి, లేచి, మళ్లీ వాలేది. చెల్లి మాత్రం పడవలో ఒకటే ముచ్చట్లు. ఆ గుర్రాల్లో మగదే సంచిలో పిల్లల్ని మోస్తుందని టీచరమ్మ చెప్పిందట. "మన దిక్కు మొగోళ్లకు జర ఈ సంగతి చెప్పాలె అక్కా" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఐదో రోజు టీచరమ్మ గడ్డిలోకి వేలు చూపించింది. పసుపు రంగు పోగులాంటి తోక, ఉబ్బిన పొట్ట, దేనికది వేరుగా తిరిగే కళ్లు. మగదే. చెల్లి కెమెరా పట్టుకుని వంగింది. ఎంత అందంగా ఉందంటే, నేనూ దాన్నే చూస్తూ ఉండిపోయాను. చెల్లిని చూడాల్సిన మనిషిని.

తల తిప్పేసరికి ఆమె మీద బుడగలు లేవు. కాళ్లు ఇసుకను వదిలేశాయి. నిండిన ఛాతీయే ఆమెను మెల్లగా పైకి తీసుకుపోతోంది. కెమెరా ఇంకా కిందికే చూస్తోంది, వేలు ఇంకా మీట మీదే ఉంది. నీళ్లలో అరిస్తే ఎవరికి వినపడుతుంది? ఈదాను. నా చేతికి ఆమె పాదం అందేలోపే టీచరమ్మ చేరి పొట్టలో ఒక్క గుద్దు గుద్దింది. బుడగలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి.

పడవలో చెల్లి నవ్వబోయింది. పెదవి చివర గులాబీ రంగు నురుగు. ఆ గొంతు మా చెల్లిది కాదు, కుండలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. "తోక లోపల్నుంచి తిరిగింది అక్కా. సూసిన." టీచరమ్మ ఆమె మెడ మీద వేలితో నొక్కితే చర్మం కింద చేరిన గాలి కరకరమంది. ఒడ్డు చేరేదాకా ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకున్న చెల్లి ఛాతీ లేచి పడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. చచ్చిపోతుందనే అనుకున్నాను.

బతికింది. ఊపిరితిత్తి కొద్దిగా చిరిగింది, అదృష్టవంతురాలు, ఇక జన్మలో నీళ్ల కిందికి పంపొద్దు అన్నాడు డాక్టరు. దవాఖాన వరండాలో టీచరమ్మకు ఉన్నదంతా చెప్పాను. నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ చీర మగ్గం మీద ఉంది. అంచు గళ్లు చెల్లే నింపింది, తోక లోపల్నుంచే తిరిగింది. కానీ ఇప్పుడామె ఊపిరి ఆపలేకపోతోంది. తెగిన పోగు దగ్గరికి వంగగానే భయపడి గట్టిగా వదులుతుంది, కొస ఎగిరిపోతుంది. అందుకని ఆమె వైపు పోగులు కూడా నేనే అతుకుతున్నాను.

నిన్న పొద్దున గుర్రం మెడ దగ్గర పోగు తెగింది. ఆమె వైపు వచ్చి, చెల్లి ఒడి మీదుగా వంగి, రెండు కొసలూ దొరకబుచ్చుకున్నాను. మెలిపెట్టబోతుండగా నా వీపు మీద చెల్లి చెయ్యి పడింది. నేను కొట్టిన చోటే. ఇంకా బాగుపడని ఆ గొంతుతో మెల్లగా అడిగింది.

"అక్కా, నీ బుడగలేవి?"

ఊపిరి వదిలాను. చేతిలోని కొస ఎగిరిపోయింది.