బుట్ట దించే రమ్జీ, పేరు లేని గుడ్లగూబ

బేరూత్‌లోని మా గెయిటావి వీధిలో మనుషుల్ని వాళ్ళ బుట్టల్ని బట్టి పోల్చుకోవచ్చు. బాల్కనీలోంచి తాడు కట్టి దించుతాం, కింద కొట్టు అబూ దాహెర్ సరుకు వేస్తాడు, పైకి లాక్కుంటాం. నాది ఎర్రతాడు బుట్ట. పైవాటా డాక్టరమ్మకి బుట్టంటే నామోషీ, ప్లాస్టిక్కు బకెట్టు దించుతుంది. అందులో వచ్చేవీ ఆ ఉల్లిపాయలే. మా ఎదురువాటా రమ్జీది వాళ్ళమ్మ నాటి వెదురుబుట్ట. అడుగు ఊడిపోతే కరెంటు వైరుతో అల్లుకున్నాడు.

అందరి బుట్టలూ దిగుతాయి, బుట్టలవాళ్ళూ దిగుతారు. రమ్జీది బుట్టొక్కటే దిగుతుంది.

"ఇమ్ రఫూల్, ఆ బుట్ట వెనకాల మనిషున్నాడా, బుట్టే వచ్చి బేరం చేసుకుపోతోందా?" అని అబూ దాహెర్ కిందినుంచి అరిచేవాడు. పెద్దకొడుకు పేరు పెట్టి తల్లిని పిలవడం మా మర్యాద. మా వీధికి నేను రఫూల్ వాళ్ళమ్మని.

"ఉన్నాడులే. నువ్వు కుళ్ళిన టమాటాలు వెయ్యకు. మనిషి దిగకపోయినా నేను దిగుతాను," అనేదాన్ని.

రమ్జీ ఒకప్పుడు బ్యాంకులో గాజుకిటికీ వెనక కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. బేరూత్ బ్యాంకులు జనం సొమ్ము మింగి తలుపులు బిడాయించుకున్నాక ఆ ఉద్యోగం పోయింది, వెనకాలే జుట్టూ పోయింది. తరవాత వాళ్ళమ్మా పోయింది. పోతూ పోతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. కొడుకుని చూసుకోమని కాదు, గోడకున్న ఇత్తడి గంటకి దుమ్ము దులపమని. కొడుకు సంగతి నేనే కలుపుకున్నాను.

ఆ తరవాత దొరికిందే ఈ క్రిప్టో ఉద్యోగం. మొదట్లో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"మేం నాణేలు అమ్ముతాం పిన్నీ."

"ఏదీ, ఒకటి చూపించు."

"అవి కనపడవు."

"పోనీ, కంపెనీ ఎక్కడుంది?"

"ఎక్కడా ఉండదు. ఎవరింట్లో వాళ్ళం పనిచేస్తాం."

"యజమాని?"

"లేడు. ఏం చెయ్యాలన్నా అందరం ఓటేస్తాం."

"జీతం?"

"ఆ నాణేల్లోనే ఇస్తారు."

"బాగుందిరా. కనపడని కంపెనీలో కనపడని యజమాని కనపడని జీతమిస్తున్నాడు. ఇంక కనపడేది నీ నడుంనొప్పి ఒక్కటేనన్నమాట."

నవ్వాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాడు.

వాడి పనేమిటంటే, నాణేల పెట్టె తెరిచే రహస్యపు మాటలు మర్చిపోయినవాళ్ళు ఏ దేశం నుంచో ఏడుస్తూ రాస్తారు. వీడు మర్యాదగా, "మేమేమీ చెయ్యలేం" అని జవాబు రాస్తాడు. బ్యాంకులోనూ ఆఖరి రోజుల్లో జనానికి ఇదే చెప్పాడు. ఇప్పుడు తిట్లు తినకుండా చెప్పొచ్చు, అదే తేడా.

ఆ కంపెనీలో ఎవరూ అసలు పేరు చెప్పరు, ఊరు చెప్పరు. నాణేలున్నాయని తెలిస్తే దొంగలు ఇంటికొచ్చి పీక పట్టుకుంటారట. అందుకని ప్రతివాడికీ ఒక బొమ్మ. రమ్జీ తాబేలు. ఒకడు పుట్టగొడుగు. ఎవడో అమాయకుడు అందరి పుట్టినరోజులూ అడిగాడట, కేకులు పంపుదామని. వాడు దొంగేనని ఓటేసి గెంటేశారు. నమ్మకం మీద నడిచే వ్యాపారం మరి.

సమావేశాలకి ఇంకో ఆచారం ఉంది. మాట్లాడే ఒక్కడు తప్ప అందరూ తమ మైకులు మూసుకోవాలి, ఇంట్లో చప్పుళ్ళు అవతలివాళ్ళకి వినపడకూడదని. మా వీధి జెనరేటరు మోత, అబూ దాహెర్ కేకలు, నా నోరు, ఇన్నిటి మధ్య రమ్జీ తన మైకుని శవప్పెట్టె మూత మూసినట్టు మూసేవాడు. ఏళ్ళ తరబడి ఆ కంపెనీలో వాడి గొంతు విన్నవాడు లేడు.

వాడికి ఆ లోకంలో ఒకే ఒక్క నేస్తం, గుడ్లగూబ. పొద్దున లేస్తే గుడ్లగూబ, మంచమెక్కేదాకా గుడ్లగూబ. ఇంగ్లీషులో టకటకా సందేశాలు కొట్టుకుంటూ ఉండేవాళ్ళు. ఒకసారి నేను పప్పూ అన్నం కలిపి ముజద్దరా తీసుకెళ్తే వాడు ఫోను చూసి మురిసిపోతున్నాడు.

"ఏమంటోందిరా నీ పక్షి?"

"ఏమైనా తిన్నావా అని అడుగుతున్నాడు పిన్నీ. రోజూ అడుగుతాడు. నన్ను అలా అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు?"

చేతిలో గిన్నెతో నిలబడ్డాను నేను. గిన్నె బల్లమీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను.

"గుడ్లగూబ వాలిన ఇంటికి మేలు జరగదనేది మా అమ్మ. అదెక్కడుంటుంది?"

"తెలీదు. నార్వేలోనో, బ్రెజిల్లోనో. అడక్కూడదు."

"నార్వేవాళ్ళు నువ్వు తిన్నావో లేదో అడుగుతార్రా, వెర్రివాడా?"

వాడు వినలేదు. నేనూ అన్న మాట అక్కడే వదిలేశాను.

ఇలా సాగుతుండగా ఒకనాడు తలుపు తీసి చూస్తే రమ్జీ ముఖం సున్నం కొట్టినట్టుంది. కంపెనీ మూసేస్తున్నారట. నాణెం ధర పడిపోయింది. అందరూ ఓటేసి, బొటనవేలి బొమ్మలు పెట్టి, తమ కంపెనీకి తామే గొయ్యి తవ్వుకున్నారు. మర్నాడు సాయంత్రం ఆఖరి సమావేశం, అది అవగానే అందరి ఖాతాలూ ఆరిపోతాయి.

"పోతే పోయింది. ఇంకో కనపడని ఉద్యోగం చూసుకుందువులే."

"ఉద్యోగం కాదు పిన్నీ. గుడ్లగూబ. ఖాతా ఆరిపోతే వాణ్ణి ఎక్కడ వెతుక్కోను? పేరు తెలీదు, ఊరు తెలీదు. పోయినా తెలీదు."

"ఇవాళే అడుగు. నోరు లేదా?"

"ఇన్నేళ్ళూ అడక్కుండా ఇవాళ పేరడిగితే దొంగనుకుంటాడు. మా దగ్గర పేరడిగేవాడంటే దొంగే."

"నా పెళ్ళప్పుడు మామగారు మా ఏడుతరాల పేర్లూ అడిగాడు. ఆయన్ని దొంగనలేదు ఎవరూ. అనాల్సిందేననుకో, అది వేరే కథ."

వాడు నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం వాడింట్లోనే కూర్చున్నాను, కాఫీ కాచి. చావింట్లో మనిషి తోడుండాలి, అది ఏ రకం చావైనా. ఫోనులో బొమ్మలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కళ్ళూ మైకు తెరిచి రెండు ముక్కలు వీడ్కోలు చెప్పి మూసుకుంటున్నారు. రమ్జీ వంతు వచ్చింది. ఇంగ్లీషులో ఏదో గొణిగి, మైకు మూశాడు.

తరవాత గుడ్లగూబ తెరిచింది. మగగొంతు, బొంగురుది. ఒక్క మాట అన్నాడో లేదో, మా వీధిలోకి పాతసామాన్ల టోనీ బండి వచ్చింది. టోనీ ఎప్పుడో తన కేకని రికార్డు చేసి పెట్టుకున్నాడు. చేసేటప్పుడు దగ్గొచ్చింది, మళ్ళీ చెయ్యడానికి బద్ధకించాడు. అందుకని రోజూ మా వీధి ఆ దగ్గుతో సహా వింటుంది: "పాత ఇనుము, పాత ఫ్రిజ్‌లు, ఖళ్ ఖళ్, పాత బ్యాటరీలు కొంటాం!"

కిటికీలోంచి విన్నాం. ఒక్క ఊపిరి తరవాత ఫోనులోంచీ విన్నాం. దగ్గుతో సహా.

రమ్జీ కంగారుపడి, "అయ్యో, నా మైకు తెరిచే ఉంది!" అని మీట నొక్కాడు.

"ఒరేయ్, నువ్వు మూసింది నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు నొక్కి తెరిచావు."

"మరి ఆ చప్పుడు..."

"అది గుడ్లగూబ ఇంట్లోంచి వస్తోందిరా! టోనీ దగ్గు నార్వేదాకా వినపడుతుందా?"

వాడు ఫోనునే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. ఫోనులో గుడ్లగూబ తన చప్పుడుకి సిగ్గుపడి మూసేసుకున్నాడు. ఇంకొకడెవడో వీడ్కోలు మొదలుపెట్టాడు. అటు మాకున్న ఒకే ఆనవాలు, టోనీ బండి, వీధి మలుపు తిరగబోతోంది. ఈ చదువుకున్నవాణ్ణి నమ్ముకుంటే లాభం లేదని బాల్కనీలోకి పరిగెత్తాను.

"టోనీ! బండి వెనక్కి తిప్పు!"

"ఏం అమ్ముతావు ఇమ్ రఫూల్?"

"మా ఎదురింటివాణ్ణి అమ్ముతాను, ముందు తిప్పు!" అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాను. "గుడ్లగూబా! ఒరే గుడ్లగూబా! తాబేలు ఇక్కడుందిరా!"

వీధంతా తలెత్తింది. పైవాటా డాక్టరమ్మ తన బకెట్టుతో సహా వంగి చూసింది. అబూ దాహెర్ కొట్లోంచి బయటికొచ్చి శిలువ గుర్తు వేసుకున్నాడు. "అయిపోయింది, ముసలావిడకి మతి పోయింది."

అప్పుడు మా ఎదుటి మేడలో, మూడో అంతస్తులో, ఎప్పుడూ తెరవని పచ్చ తలుపుల కిటికీ ఒకటి కిర్రుమంది. గళ్ళ పైజామాలో ఒక మనిషి, చెవికి తగిలించుకున్న మైకుతో, ఎండకి కళ్ళు చికిలిస్తూ నిలబడ్డాడు. దర్జీ హరుత్యూన్ కొడుకు వారూజ్. తండ్రి పోయాక ఊరొదిలి పోయాడనే అనుకున్నాం మేమంతా.

"వాడా?" అన్నాడు అబూ దాహెర్. "వాడి బుట్ట వెనకసందులో దిగుతుంది. నేనే సరుకు వేస్తాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నన్నడిగిందెవరు? ఇద్దరూ ఒకే రకం చేపల డబ్బాలు తింటారు. ఒకే దిగులేమో అనుకున్నాను."

రమ్జీ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఈ బాల్కనీలో వీడు, ఆ కిటికీలో వాడు. మధ్యన ఒక బట్టలతీగ పట్టేంత వీధి. ఏం చేశారనుకున్నారు? ఇద్దరూ తలలు వంచి ఫోనుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"దిగండ్రా!" అన్నాను. ఎలాగైతేనేం వారూజ్‌ని మా ఇంటికి రప్పించాను. మెట్లెక్కేసరికి వాడికి ఆయాసమొచ్చింది. నా బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టాను. పిస్తా మిఠాయి పెట్టాను. మళ్ళీ ఫోనులే. వీడి ఫోను టింగుమంటుంది, వాడు నవ్వుతాడు. వాడిది టింగుమంటుంది, వీడు నవ్వుతాడు. ఒకరి ముఖం ఒకరు చూడరు.

రెండు ఫోనులూ లాక్కున్నాను. నా బుట్టలో వేశాను. దించేశాను.

"అబూ దాహెర్! ఇవి నీ దగ్గరుంచు. నేను చెప్పేదాకా పైకి పంపావో, నీ అప్పు ఎగ్గొడతాను!"

ఇద్దరూ తల్లిపాలు మాన్పించిన బిడ్డల్లా చూశారు. కాఫీ చల్లారిపోయింది. వారూజ్ గొంతు సవరించుకున్నాడు, బల్లకేసి చూశాడు. చివరికి ఇంగ్లీషు వదిలి మా మాటలోనే, ఆ బొంగురుగొంతుతో, "ఏమైనా తిన్నావా?" అన్నాడు.

"లేదు," అన్నాడు రమ్జీ. ఎదురుగా నా పళ్ళెం నిండా మిఠాయి ఉంది. అయినా ఊరుకున్నాను.

ఆ పూట ఇద్దరూ మెట్లు దిగి, ఫోనుల కోసం కాదు, శనగవడల ఫలాఫిల్ కోసం మూలకొట్టుకి వెళ్ళారు. ఫోనులు అబూ దాహెర్ గల్లాపెట్టె మీదే పడున్నాయి.

ఇప్పుడు ఇద్దరికీ ఇంకో కనపడని కంపెనీలో పని దొరికింది. రమ్జీ ఇంట్లోనే కూర్చుని చేస్తారు, వీడు ముందుగదిలో, వాడు వంటగదిలో. సమావేశాల్లో ఒకళ్ళకొకళ్ళు ఎవరో తెలీనట్టే ఉంటారు, కంపెనీ నియమమట. టోనీ బండి వచ్చిందంటే చాలు, రెండు గదుల్లోనూ ఒక్కసారే మైకులు మూస్తారు.

"ఇది మాత్రం రహస్యం పిన్నీ, ఎవరికీ చెప్పకు," అంటాడు రమ్జీ.

ఎవరికి చెప్పను? వీధంతటికీ తెలుసు. తెలీనిది ఆ కంపెనీకే.