నిమ్మకాయల తర్వాత రాయి

మా లారీ ముందు టైర్లను నాశనం చేసింది మల్లన్న కాదు, నేను. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పిన రోజు అక్కడ లేనివాళ్లు ఇప్పటికీ సిద్దిపేట లారీ అడ్డాలో "మల్లన్న చేతికిస్తే టైర్లు మిగలవు" అంటుంటే నా ఒళ్లు మండిపోతుంది. కోపం వాళ్ల మీద కాదు. ఆ మాటను పుట్టించి, పాలుపోసి పెంచిన పెద్దమనిషి మీద. ఆ పెద్దమనిషి రోజూ అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంటాడు. కాబట్టి ఆ ఘోరం మొత్తం చెబుతాను. నవ్వండి, కానీ నవ్వాల్సిన మనిషినే చూసి నవ్వండి.

మాది మిల్లులకు వడ్ల బస్తాలు తోలే లారీ. దాని డ్రైవరు మల్లన్నది చిన్నకోడూరు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన బ్రేకు వేస్తే క్యాబిన్‌లో పెట్టిన చాయ్ గ్లాసు కూడా తొణకదు.

ఆ ఏడు దసరాకు ముందురోజే ముందు చక్రాలకు కొత్త టైర్లు వేయించాను. పండుగనాడు లారీని కడిగి, బంతిపూల దండలు వేసి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. వాటిని తొక్కించి బండిని నాలుగడుగులు కదిలిస్తే పూజ అయినట్టు. ఏటా ఆ పని మల్లన్నదే. సమయానికి కొబ్బరికాయ మరిచిపోయామని ఆయన దుకాణానికి వెళ్లాడు. అప్పుడే నాలో పౌరుషం మేల్కొంది.

హారతి పళ్లెంతో నిలబడ్డ మా ఆవిడ సుజాత అంది: "మల్లన్న వచ్చేదాంక ఆగు."

"బండి ఎవరిది?"

"మనదే."

"మరి నిమ్మకాయలు తొక్కించేది ఎవరు?"

"నడపొచ్చినోడు."

చూశారా ఎంత అవమానం! నాకు కారు వచ్చు. లారీ అంటే లావుపాటి కారే కదా అనుకున్నాను. ఎక్కాను. నిమ్మకాయలు చక్కగా చిట్లాయి. అక్కడ ఆపి ఉంటే నేనీ కథ రాయను, మీరు చదవరు. బ్రేకు కోసం వెతుకుతున్న నా కాలు యాక్సిలరేటరు దగ్గర స్థిరపడింది. బ్యాండు మోతకు బెదిరిన పెళ్లిగుర్రంలా లారీ ముందుకు దూకింది. ముందు మా పాత కంచెకు పాతిన రాతి కడీ ఒకటుంది. పైన విరిగి, మోకాలెత్తు రాయి మాత్రం మిగిలింది. అది రెండు చక్రాల మధ్యకు వచ్చి బండి కడుపులో ఖణేల్‌మంది.

బండిని వెనక్కి తీసి దిగేసరికి మల్లన్న ఎదురొచ్చాడు.

"గా చప్పుడేంది సేటూ?"

"కొబ్బరికాయ కొట్టిన."

ఆయన తన చేతిలోని కాయను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కాయ నా చేతిల ఉన్నది గద."

"అయితే పక్కింటోళ్లు కొట్టిన్రు కావచ్చు."

"ఇనుము మీద కొట్టిన్రా?"

నేను మాట మార్చి కర్పూరం అడిగాను. సుజాత నా మోచేయి గిల్లింది. "చెప్పు."

"పండుగపూట పంచాయితీ ఎందుకు? రేపు చెప్త."

నా రేపు పన్నెండు నెలల పొడుగుంది.

మూడో రోజే మల్లన్న వచ్చాడు. "సేటూ, స్టీరింగ్ సక్కగ నిలబడ్తలేదు. అలైన్‌మెంట్ చూపిద్దాం."

చూపిస్తే రాయి సంగతి బయటపడుతుందని నాకు భయం. భయాన్ని కోపంగా మార్చడంలో నన్ను మించినవాడు లేడు. "మొన్ననే కొత్త టైర్లేపిస్తే అప్పుడే అలైన్‌మెంటా? దిష్టి తగిలింది, అంతే!" అని బంపరుకు నిమ్మకాయల దండ కట్టించాను. ఆయన మూడుసార్లు అడిగాడు. నేను మూడు దండలు కట్టించాను. బండి పచ్చళ్ల దుకాణంలా తయారైంది.

నాలుగు నెలల తర్వాత మిల్లు దగ్గర మల్లన్న స్టీరింగ్ పూర్తిగా తిప్పి నన్ను వంగి చూడమన్నాడు. బయటినుంచి చూస్తే టైర్లు కొత్త పెళ్లికొడుకులు. లోపలి అంచులు మాత్రం బట్టతలలు. ఇనుప తీగలు బయటికి పొడుచుకొచ్చాయి. నేను మిల్లంతా వినబడేలా అరిచాను.

"గాలి తక్కువ కొట్టిచ్చినవు!"

"తక్కువైతే రెండంచులూ అరుగుతయి సేటూ. ఎక్కువైతే నడుమ అరుగుతది. గిది ఒక్క లోపలంచే."

"అయితే లోడు ఒక్క దిక్కే ఏసిన్రు!"

"అట్లయితే ఒక్క దిక్కు టైరే పోవాలె. రెండూ పోయినయి గద."

ఇక తప్పక అలైన్‌మెంట్ షాపుకు వెళ్లాం. మెకానిక్ యాదగిరి టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ రాశాడు. "ఒక దిక్కు రాస్తే పట్టు, ఎదురు రాస్తే రంపం" అని బండి కిందికి దూరాడు. లోపలి నుంచే తీర్పు చెప్పాడు: "రెండు చక్రాలను కలిపే రాడ్ వంగింది. చక్రాలు చెరో దిక్కు చూస్తున్నయి. అవి ఉరుకుతలేవు, రోడ్డుకు రాసుకుంట పోతున్నయి. దేనిమీదికో ఎక్కించిన్రు. ఎవరు?"

షాపులో ఉన్నవాళ్లంతా మల్లన్న వైపు తిరిగారు. మల్లన్న నా వైపు తిరిగాడు.

"నేనెక్కియ్యలే" అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చిన రాయి మాట వెనక్కి పోయి ఇంకోటి బయటికొచ్చింది. "మరి బండి నడిపేది నువ్వా, నేనా?"

మల్లన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "బండి నీది సేటూ. చెయ్యి నాది. దాన్ని అనకు." అంతే, వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరూ ఆయనకు లారీ ఇవ్వలేదు. ఊళ్లో వేరేవాళ్ల ట్రాక్టరు తోలుకున్నాడు. ఇక్కడ నేనేమో రాడ్ మార్పించి, టైర్ల పండితుణ్ని అయ్యాను. పొద్దున్నే గాలి కొలవండి, వారానికోసారి లోపలి అంచు చేత్తో తడమండి, గట్టిగా ఏదైనా తగిలితే ఆ రోజే చూపించండి అని అడ్డాలో ఉపన్యాసాలిచ్చాను. అందరూ తలలూపారు. ఒక్కడికీ నా చెంప పగలగొట్టాలని తోచలేదు!

మళ్లీ దసరా వచ్చింది. సుజాత నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టింది. "ఈ యేడు గూడ రాయెక్కిస్తవా, పోయి మల్లన్నను తోల్కస్తవా?"

జమ్మి ఆకు జేబులో పెట్టుకుని చిన్నకోడూరు వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా ఆయన ఎదుట "మల్లన్నా, గా రాయి..." అన్నానో లేదో, ఆయన చెయ్యెత్తాడు.

"ఎరుకే సేటూ."

"ఎప్పటిసంది?"

"పండుగ తెల్లారే. రాయికి గ్రీజంటింది. బండి నేను తియ్యలే. సుజాతమ్మ తియ్యదు."

"మరి అననే లేదు!"

"నీ నోట్లకెల్లి వస్తదని చూసిన. అలైన్‌మెంట్ అలైన్‌మెంట్ అని మూడుసార్లు తోవిచ్చిన గద."

నా మూడు నిమ్మకాయల దండలూ నా మెడకే బిగిసినట్టయింది.

"ఎరుకైనోనికి చెప్తే ఏమొస్తది?" అన్నాడు. "అడ్డ మీద చెప్పు."

సాయంత్రం మల్లన్నను వెంటబెట్టుకుని అడ్డాకు వచ్చేసరికి అందరూ కొత్త చొక్కాలతో జమ్మి పంచుకుంటున్నారు. యాదగిరి కూడా ఉన్నాడు. నేను లారీ మెట్టు ఎక్కి, కొబ్బరికాయ చాటున దాక్కోకుండా, పక్కింటివాళ్లను ఇరికించకుండా అంతా చెప్పాను. నవ్వులతో అడ్డా దద్దరిల్లింది. ప్రమాణం కూడా చేశాను: ఈ జన్మలో నిమ్మకాయను పులిహోరలో పిండుతాను తప్ప చక్రంతో ముట్టను.

తర్వాత కిందికి దిగి, జమ్మి ఆకునూ తాళంచెవినీ మల్లన్న అరచేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"తప్పు నాది మల్లన్నా. ఈ చేతిది గాదు. నన్ను మాఫ్ చెయ్యి."