నీళ్ళకి డబ్బులిచ్చే ఊరు

కొల్లేటి మనిషిని నీళ్ళు కొనుక్కోమని చెప్పి చూడండి. ముందు నవ్వుతాడు, తర్వాత మీ ఏడు తరాల్నీ కలిపి తిడతాడు. పుట్టింది నీళ్ళ మధ్య, పెరిగింది నీళ్ళ మీద. దోనెలో ఉండగా దాహమేస్తే చెయ్యి వంచి దోసిలి ముంచుకోవడమే అతనికి తెలుసు. మా భీమరాజు కూడా ఆ బాపతే. మంచివాడే పాపం, కల్లు తాగడు, పెళ్ళాం మీద చెయ్యి చేసుకోడు. కానీ ధరల పిచ్చి. సంతలో వీశెడు వంకాయలు కొన్నాడంటే కొల్లేటి నడుమనున్న మా లంక ఊరికి చేరేదాకా వాటి ధర గురించే మాట్లాడతాడు.

భార్య గంగారత్నానికి ఈ లెక్కలంటే ఒళ్ళు మంట. ఆమె బతుకులో లెక్క ఒకటే. ముగ్గుర్ని కంది, ఇద్దర్ని పూడ్చిపెట్టుకుంది. ఇద్దరికీ వాంతులూ విరేచనాలే, ఒక్క పూటలో వడిలిపోయారు. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, తల్లి పాలు మంచివి కావన్నారు. నీళ్ళని మాత్రం లంకలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మిగిలింది సీతాలు, మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్ల తుమ్మితే చాలు, గంగారత్నం చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

పంతొమ్మిదివందల యాభయ్యో సంవత్సరం వేసవిలో కొల్లేరు ఎండి నెర్రెలిచ్చింది. దోనెలన్నీ మట్టిలో బోర్లా పడున్నాయి. వలవేసేవాడు కూలికి పోవాలి, కూలి దొరకదు. సముద్రం దాటి పోవడం తప్ప దారి లేదనుకున్నాడు భీమరాజు. యుద్ధానికి ముందు కుర్రతనంలో రంగూను బియ్యం మిల్లులో పనిచేశాడు, అప్పటి పని కాగితం ఇంకా దాచుకున్నాడు. మలయాలో పినాంగు రేవులో గంగారత్నం అక్క నాగరత్నం ఉంది, మొగుడు అక్కడే కూలి. ఈ రెండూళ్ళలో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నాగరత్నం ఆ ముందేడే తల్లి పోయిందని లంకకి వచ్చి వెళ్ళింది. ఉన్న గాజులు అమ్ముకుని ఓడెక్కి, నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని దిగింది. లంక ఆడవాళ్ళు ముందు ఆవిడ మెడ చూశారు. "అంతకాలం పరదేశంలో ఉండి మెళ్ళో పసుపుతాడేనా తల్లీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. "ఏం చెయ్యనే, అక్కడ అన్నీ ఖరీదే. గదికి డబ్బులు, కట్టెలకి డబ్బులు, ఆఖరికి కొళాయి నీళ్ళకి కూడా డబ్బులే" అంది నాగరత్నం. ఆ మాటకి అందరూ విరగబడి నవ్వారు. గంగారత్నం నవ్వలేదు. పిల్లల వంకే చూస్తూ కూర్చుంది. నలుగుర్ని కంటే నలుగురూ ఉన్నారు. గోల గోలగా, దెబ్బలాడుకుంటూ, మూతులకి బెల్లం పూసుకుని ఉన్నారు. ఆ లంకలో అలాంటి ఇల్లు ఇంకొకటి లేదు.

ఏ ఊరు మేలో అడుగుదామని భీమరాజు పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని ఏలూరు వెళ్ళాడు. అక్కడ ఎండుచేపల వ్యాపారం చేసే పట్టాభిరామయ్య శెట్టిగారు వయసులో ఉండగా రంగూనూ, పినాంగూ రెండూ తిరిగొచ్చిన మనిషి. పెద్దమనిషి, ఉన్నదున్నట్టు చెబుతాడని పేరు.

"చూడవోయ్ భీమరాజూ, రంగూన్లో బియ్యం మనకంటే చవక. చేప సరే సరి. మిల్లు వాళ్ళు ఉండటానికి గది ఊరికే ఇస్తారు. ఇంకా రూపాయే నడుస్తోంది, తికమక లేదు. కాకపోతే తుపాకుల గొడవలు సద్దుమణగలేదు, మనవాళ్ళంటే మునుపటి అభిమానమూ లేదు. పినాంగులో కూలి ఎక్కువే. ఏం లాభం? అద్దె నీ నెత్తినెక్కి కూర్చుంటుంది. బియ్యం బయటినుంచి రావాలి, ధర నువ్వే ఊహించుకో. ఊరు మాత్రం శుభ్రం. దీపాలు, ధర్మాసుపత్రి, కొళాయి. కొళాయికి అద్దెతో పాటు కట్టుకోవాలి."

"నీళ్ళకా అండీ?" అన్నాడు భీమరాజు.

"నీళ్ళకే."

"బాగుందండోయ్! ఇంకా నయం, పీల్చే గాలిని తూకం వేసి అమ్మలేదు" అన్నాడు. కొట్లో గుమస్తాల దగ్గర్నుంచి బస్తాలు మోసేవాళ్ళ దాకా అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఏ ఊరో తేలిపోయింది.

గుమ్మం పక్కన పిల్లని చంకనేసుకుని నిలబడ్డ గంగారత్నం అప్పుడు నోరు విప్పింది. "శెట్టిగారూ, పిల్లలు ఏ ఊళ్ళో బాగా బతుకుతారండీ?"

పట్టాభిరామయ్యగారు తల అడ్డంగా ఊపాడు. "అది నాకు తెలీదమ్మా. నేను బస్తాలు చూశాను గానీ పిల్లల్ని చూళ్ళేదు. మా ఇంటావిడ ఏలూరు దాటి రాలేదు."

"పిల్లలేమిటే, అన్నం తిని బతుకుతారు. అన్నం చవకైన ఊళ్ళో ఇంకా బాగా బతుకుతారు" అన్నాడు భీమరాజు. అందరూ తలలూపారు.

కాలవ పడవ దిగి ఎండిన కొల్లేట్లో నడుస్తూ గంగారత్నం మళ్ళీ కదిపింది. "మావా, అక్క దగ్గరికి పోదాం."

"మీ అక్క మెడ చూశావా?"

"మెడ చూళ్ళేదు. పిల్లల్ని చూశాను."

"అదృష్టమే అది. ఊరి గొప్పా?" అని, రంగూన్లో నెలకి ఎంత మిగులుతుందో చెప్పడం మొదలెట్టాడు. లంక వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. గంగారత్నం నోరు మూసుకుంది. నలుగురు మగవాళ్ళు నవ్విన మాటని పట్టుకుని వాదించడానికి ఆమెకి సిగ్గేసింది. తర్వాత తర్వాత ఆ సిగ్గుని తలుచుకుని ఎంత కుమిలిపోయిందో ఆమెకే తెలుసు.

రంగూన్లో మిల్లు ఊరి చివర, వాగు ఒడ్డున ఉంది. కూలీలకి వరసగా రేకుల గదులు, వాటి మధ్య ఒక బావి, బావికి అవతల మరుగుదొడ్లు. భీమరాజుకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే వాగులో మునిగేవాడు, అక్కడే దోసిళ్ళతో తాగేవాడు, "కొల్లేటిలోనే ఉన్నట్టుందే!" అని మురిసిపోయేవాడు. శెట్టిగారు చెప్పినవన్నీ నిజమే. బియ్యం చవక, చేపలు చవక, అద్దె లేదు. నెలాఖరుకి రేకు డబ్బాలో రూపాయలు పడుతున్నాయి. ఆ డబ్బాని అప్పుడప్పుడూ ఊపి పిల్లకి వినిపించేవాడు. సీతాలు కిలకిలా నవ్వేది.

మిల్లు డిస్పెన్సరీలో కాంపౌండరు ఎలీయాజరుగారిది తాడేపల్లిగూడెం. తెలుగు మాట వినపడితే చాలు, నిలబడి పలకరించేవాడు. ఒకరోజు బావి దగ్గర గంగారత్నాన్ని చూసి ఆగాడు. "అమ్మా, ఈ నీళ్ళు కాచకుండా పిల్లకి పట్టకండి. వానలొస్తే ఆ దొడ్లలోవన్నీ ఇందులోకే దిగుతాయి. కిందటేడు ఈ వరసలో చాలామంది పిల్లలు పోయారు."

గంగారత్నం చేద బావి గట్టు మీద పెట్టేసింది. ఇద్దరు బిడ్డలూ కళ్ళ ముందు మెదిలారు. ఇన్నేళ్ళూ దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది. నీళ్ళా? ఆ నీళ్ళేనా? తన చేత్తోనే పట్టిందే!

భీమరాజు రాగానే చెప్పింది. అతను తేలిగ్గా కొట్టిపారేశాడు. "ఇక్కడ కాస్త ఖరీదైనవి కట్టెలొక్కటే. అన్నం వండటానికి కట్టెలు, నీళ్ళు వండటానికీ కట్టెలా? బుద్ధెరిగాక నేను కాచిన నీళ్ళు తాగలేదు, చచ్చానా?"

"నువ్వు చావలేదు మావా. మన పిల్లలు చచ్చారు" అంది. అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కొల్లేటి నీళ్ళని అనడం అంటే కన్నతల్లిని అన్నట్టే అతనికి. అప్పట్నించీ గంగారత్నం అన్నం దించాక మిగిలిన నిప్పుల మీద ఒక చెంబుడు నీళ్ళు కాచి, పిల్లకి అవే పట్టేది. పట్టినన్నాళ్ళు పిల్ల బంగారంలా తిరిగింది.

వానలు పట్టుకున్నాయి. కట్టెల ధర పెరిగింది, కొన్నవి కూడా తడిసి పొగే తప్ప మంట రాదు. అన్నం ఉడికేసరికే నిప్పులు ఆరిపోయేవి. "ఈ ముసురు తగ్గేదాకా ఆ నీళ్ళు కాచడం ఆపు" అన్నాడు భీమరాజు. గంగారత్నం అరిచింది, అలిగింది, రోజూ అదే రభసతో విసుగెత్తిపోయి ఆఖరికి ఆపేసింది.

ఒకరోజు పొద్దున్న సీతాలు వాంతి చేసుకుంది. దీపాలు పెట్టే వేళకి లేదు. ఎలీయాజరుగారు వానలో తడుస్తూ వచ్చాడు, చెయ్యగలిగిందంతా చేశాడు, వెళ్ళేటప్పుడు గుమ్మం బయట నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. భీమరాజు తల బాదుకుని ఏడ్చాడు. గంగారత్నం ఏడవలేదు. ఏడుపు మొదలైతే ఆ మనిషిని తన చేతుల్తోనే చంపేస్తానేమోనని ఆమెకి భయమేసింది.

ఆ మరుసటేడు లంకకి తిరిగొచ్చారు. డబ్బాలో రూపాయలతో భీమరాజు కొత్త పడవ చేయించాడు. తాడేపల్లిగూడెంలో కంసాలి చేత గొలుసు చేయించి తెచ్చి గంగారత్నం ముందు పెట్టాడు. ఆమె తీసి పెట్టెలో పడేసింది. ఊరంతా అతన్ని రంగూను భీమరాజు అనడం మొదలెట్టారు. పరదేశం వెళ్ళాలనుకున్నవాళ్ళు సలహాకి వచ్చేవాళ్ళు. వస్తే చాలు, అరుగు మీద కూర్చోబెట్టి బియ్యం ఇంత, కూలి ఇంత అని పాత ధోరణిలోనే చెప్పేవాడు. పిల్ల మాట ఎత్తేవాడు కాదు. లోపల గంగారత్నం వింటూ తన పని తాను చేసుకునేది. ఇద్దరి మధ్యా కూడూ గుడ్డా మాటలే తప్ప ఇంకేం మిగల్లేదు.

యాభై మూడు మొదట్లో ఉండి అనే ఊరి వైపు నుంచి పైడిరాజని ఒక కుర్రాడు వచ్చాడు. వెనకాల భార్య నూకరత్నం, భుజాన నిద్రపోతున్న పసిబిడ్డ. "రంగూనా పినాంగా అని తేల్చుకోలేకపోతున్నామండి. తమరు చెబితే అటే వెళ్తాం" అన్నాడు.

భీమరాజు సర్దుకుని కూర్చుని మొదలెట్టాడు. రంగూన్లో బియ్యం చవక, చేప చవక, అద్దె లేదు. ఇప్పుడు రూపాయి పోయి వాళ్ళ డబ్బు వచ్చిందట, అయినా మిగులు మిగులే. పినాంగంటావా, అక్కడ నీళ్ళు కూడా కొనుక్కోవాలి. పైడిరాజు పకాలున నవ్వాడు. "నీళ్ళు కొనడమేమిటండీ బాబూ!"

ఆ నవ్వు విని గంగారత్నం చేతిలో చేట కింద పెట్టేసి గుమ్మంలోకి వచ్చింది. అరుగు చివర నిలబడ్డ నూకరత్నం నవ్వడం లేదు. బిడ్డ వీపు మీద చెయ్యి వేసుకుని, ఏదో అడగాలనుకుని అడగలేక నేల చూపులు చూస్తోంది.

"మన పిల్ల సంగతి కూడా చెప్పు మావా" అంది గంగారత్నం.

భీమరాజు ఆ పసిబిడ్డ వంక చూశాడు. ధరల మాట వదిలేసి మెల్లగా చెప్పాడు. "మూడేళ్ళు నిండిన పిల్ల. సీతారత్నం దాని పేరు, సీతాలనే వాళ్ళం. నీళ్ళు కాచడానికి కట్టెలు దండగన్నాను. పొద్దున్న బాగుంది, సాయంత్రానికి లేదు. అంతకుముందు ఇద్దరు ఇక్కడే పోయారు. వాళ్ళదీ ఆ నీళ్ళ పాపమేనేమో, నేను ఒప్పుకోలేదు."

 పైడిరాజు పైగుడ్డ చేత్తో నలుపుతూ, "అయితే పినాంగే మంచిదంటారా అండీ?" అని అడిగాడు.

"నన్నడక్కు. ముందు నీ పెళ్ళాన్ని అడుగు. నేను మా ఆవిడని అడగలేదు" అన్నాడు భీమరాజు.

గంగారత్నం అలాగే గడప మీద కూలబడి బావురుమంది. రంగూన్లో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. నూకరత్నం బిడ్డని మొగుడికిచ్చి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. భీమరాజు లేచి నిలబడ్డాడు గానీ, దగ్గరికి వెళ్ళే ధైర్యం చాల్లేదు.