మంచు పలక మీద అబ్బులు బావ

మా అక్క అసిరమ్మ మొగుడు అబ్బులు. యారాడ ఒడ్డున అంత మొండి మనిషి మరొకడు లేడని పేరు. రేడియోలో తుఫాను హెచ్చరిక వస్తుంటే తెప్ప మీద వేటకి పోయి, మేమంతా ఒడ్డున ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడితే, ఈలవేసుకుంటూ తిరిగొచ్చిన ఘనుడు. అలాంటి మనిషి భయంతో వణకడం నేను కళ్ళారా చూశాను.

డెబ్బైల్లో వేట గిట్టుబాటు కాక బావ పోర్టులో లాంచి మీద తాళ్ళు లాగే కళాసీగా చేరాడు. అక్కడే శ్రీరామ్మూర్తి గారితో పరిచయమైంది. ఆయనది నరసన్నపేట వైపు రైతు కుటుంబం. పెద్ద చదువులు చదివి సముద్రం మీద పరిశోధన చేస్తుండేవారు. అంటార్కిటికాలో సముద్రం పైనంతా గడ్డకట్టి పలకలా తేలుతుందట. ఆ పలక మందమెంత, ఎప్పుడు పగులుతుంది, కింద నీళ్ళు ఎంత చల్లన అని కొలవడం ఆయన పని. ఎనభై మూడు చివర్లో అక్కడికి వెళ్ళే ఓడలో ఆయనకు చోటు దొరికింది. సాయానికి మన యాస తెలిసినవాడే కావాలని పట్టుబట్టి బావను తీసుకున్నారు.

"బుర్ర గానీ సెడిందేటి? గడ్డకట్టిన సముద్రంలో నీకేటి పని?" అని అక్క లబోదిబోమంది.

"సముద్రం ఎక్కడైనా సముద్రమేనే. గడ్డకడితే నన్ను మింగేత్తదేటి?" అని బావ నవ్వాడు.

నేనప్పుడు గాజువాకలో గది తీసుకుని స్టీల్ ప్లాంటు కట్టుబడి పనిలో ఉన్నాను. మఫ్లరు కొనిచ్చి, ఒక మంచుగడ్డ పట్టుకు రమ్మని వేళాకోళం చేశాను.

అక్కడ జరిగింది బావ చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పినప్పుడు కూడా నా చెయ్యి వదలకుండా పట్టుకునే చెప్పాడు.

ఓడకు కాస్త దూరంలో, పలక మీద ఇద్దరూ రంధ్రం తొలుస్తున్నారు. బావ గొట్టం పట్టుకుంటే శ్రీరామ్మూర్తి గారు తాడు కట్టిన థర్మామీటరు కిందికి దించుతున్నారు. కాళ్ళ కింద కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. చూసేసరికి వాళ్ళు నిలబడ్డ ముక్క మిగతా మంచు నుంచి విడిపోయింది. మధ్యలో నల్లటి నీళ్ళు. ముక్క మెల్లగా ఓడకు దూరంగా జరుగుతోంది.

యారాడలో తెప్ప కెరటానికి అడ్డం తిరిగితే దానిమీద ఎవరూ కూర్చుని చూడరు. ఒకడు వెంటనే నీళ్ళలోకి దూకి, తెప్ప పట్టుకుని ఈదుతూ దాని ముక్కు ఒడ్డుకి తిప్పుతాడు. బుద్ధి తెలియకముందే ఒంటికి పట్టిన అలవాటది. బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముక్కను వెనక్కి నెడదామని దూకేశాడు.

"ఊపిరందలేదు తాతబాబూ. నా సేతులు నా మాట ఇన్లేదు. ఈత రానోడిలా కొట్టుకున్నాను. నా సముద్రం కాదురా అది," అన్నాడు బావ నాతో.

ఆ ముక్క మా వీధంత ఉంది. మనిషి నెడితే కదిలేది కాదు.

శ్రీరామ్మూర్తి గారు అంచున బోర్లా పడుకుని థర్మామీటరు తాడు విసిరారు. గ్లవ్స్‌తో పట్టు చిక్కలేదు. పళ్ళతో వాటిని ఊడబీకి, తడి తాడును వట్టి చేతికి చుట్టుకుని లాగారు. పైకి లాగాక బావ తడి బట్టలు విప్పించి తన కోటు తొడిగారు. ఆ పొడి గ్లవ్స్ కూడా బావ చేతులకే వేశారు. వద్దనడానికి బావకు నోరు కూడా కదలడం లేదు.

ఇంతలో పొగమంచు దిగింది. ఓడ మీది హెలికాప్టరు చప్పుడు దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమైపోయింది.

"బాబూ, మనల్ని ఒగ్గేసి ఎల్లిపోతన్నారు," అని బావ ఏడ్చాడు.

"మాటాడతా ఉండు అబ్బులూ. పడుకోకు. మీ ఆవిడ పేరేటి, సెప్పు."

బావ పళ్ళు కొట్టుకుంటూ అసిరమ్మ, అసిరమ్మ అంటూనే ఉన్నాడు. పొగమంచు విడిచాక హెలికాప్టరు వచ్చి ఇద్దర్నీ ఎత్తుకుంది. బావకు గోరు కూడా ఊడలేదు. శ్రీరామ్మూర్తి గారి కుడిచేతి నాలుగు వేళ్ళూ చలికి గడ్డకట్టి కుళ్ళి, తీసేయాల్సి వచ్చింది. బావ దూకకుండా ఉంటే ఇద్దరూ పొడి బట్టలతో ఆ ముక్క మీదే కూర్చునేవారు, అదే హెలికాప్టరు వచ్చి తీసుకెళ్ళేది.

తిరిగొచ్చాక బావ లాంచి ఎక్కలేదు. వేటకీ వెళ్ళలేదు. ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మ పగలగొడితే అక్కడినుంచి పారిపోయేవాడు. అన్నిటికంటే ఆ బాబు ఎదురుపడతాడేమోనని హడలిపోయేవాడు.

ఎనభై అయిదు వానాకాలంలో శ్రీరామ్మూర్తి గారు వెతుక్కుంటూ యారాడ వచ్చేశారు. నేనూ అక్కడే ఉన్నాను. కొండ మలుపులో ఆయన్ని చూసిన బావ వెళ్ళి వల కుప్ప వెనకాల నక్కాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి! నాకు ఒళ్ళు మండింది, జాలి కూడా వేసింది.

"ఈ యేడు మళ్ళీ ఎల్తన్నానమ్మా. పలక కొలవడం సగంలో ఆగిపోయింది. ఈ సేత్తో గొట్టం పట్టలేను. అబ్బులు రావాల," అన్నారాయన.

అక్క మొహం పాలిపోయింది. కంచంలో అన్నం, చేపల పులుసు వడ్డించింది. ఆయన ఎడమచేత్తో తినడానికి చెంచా అడగాలంటే మొహమాటపడి, కుడిచేతికి మిగిలిన బొటనవేలితో మెతుకులు కూడదీస్తున్నారు. ముద్ద నిలవడం లేదు.

వలల వెనక నుంచి బావ లేచి వచ్చాడు. చెయ్యి కడుక్కుని ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. ముల్లు తీసి, ముద్ద కలిపి నోటికందించాడు. ఆ చెయ్యి ఎంత వణికిందంటే పులుసు ఆయన చొక్కా మీద పడింది.

"నాకు సానా బయం బాబూ," అన్నాడు బావ, రెండో ముద్ద కలుపుతూ. "ఎప్పుడెల్లాల?"