అత్త అల్లిన ఆటో సీటు

గిలకలదిండి నుంచి బందరు మార్కెట్‌కి వెళ్లే ఆటోలో మా అత్తను సీటు మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు. చేపల గంప మోసి మోసి చీరంతా తడి, ఆ తడికి సీటు స్పాంజి కంపు కొడుతుందట. కాళ్ల దగ్గర కూలబడమనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు.

తొంభైల చివరి మాట. నేను ఇంట్లో మిషను కుట్టేదాన్ని. కత్తిరించగా మిగిలిన పీలికలు మూటలుగా మంచం కింద పడి ఉండేవి. ఓరోజు అత్త వాటిని బయటికి లాగింది.

"సీటుకి తొడుగు అల్లుదామే. తడిస్తే తీసి ఉతుక్కుంటారు. అప్పుడేమంటారో చూద్దాం."

నులక ఊడిన పాత మంచం పట్టెలకు మేకులు కొట్టింది. చిరిగిన వలల నుంచి విప్పిన నైలాను దారం నిలువుగా బిగించింది. పీలికల్ని ఒకదానికొకటి ముడేసి, వల అల్లే సూదికి చుట్టి అడ్డంగా దూర్చుకుంటూ పోయింది. చిన్నప్పటినుంచీ వలలు బాగుచేసిన చెయ్యి, ఎక్కడా వదులు లేదు.

"నూలు ముక్కలొద్దత్తా, నీళ్లు పీల్చుకుంటాయి. ప్యాంటు ముక్కలు వేద్దాం" అన్నాను. వింటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"గరుగ్గా ఉంటే ఎవరు కూర్చుంటారే?" అని మెత్తటి నూలు పీలికలే వేసింది. చూడముచ్చటగా వచ్చింది. ఒకసారి తడిపి చూస్తే మర్నాటికి కూడా ఆరలేదు. ముక్కు మూసుకుని విప్పేశాం.

రెండోసారి టెరికాట్ ప్యాంటు ముక్కలు వేసింది. అల్లాక గంప కడిగిన నీళ్లు దానిమీద కుమ్మరించింది. ఉతికి దండెం మీద వేస్తే అన్నం ఉడికేలోపు ఆరింది. వాసన చూసి, "నీ మాటే నెగ్గిందే" అంది. అంత మొండిమనిషి, ఓడినందుకు ఇసుమంతైనా చిన్నబుచ్చుకోలేదు. ఆమె మీద నాకు గౌరవం పెరిగింది ఆ పూటే.

తొడుగు పట్టుకుని నేనూ అత్త వెంట ఆటో దగ్గరికి వెళ్లాను. డ్రైవరు స్పాంజి మీద ప్లాస్టిక్ షీటు పరిచి, దానిమీద మా తొడుగు కట్టుకున్నాడు. చేత్తో నొక్కి చూసి, "గట్టిగుంది పిన్నీ! ఎక్కు" అన్నాడు. అత్త ఎక్కి, గంప దించుకుని అలవాటుగా కాళ్ల దగ్గరే కూర్చుంది.

"పైన కూర్చో పిన్నీ, నువ్వల్లిందేగా!"

లేచింది. కొంగు పిండుకుంది. సీటు అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది.

"వెనక్కి జరుగత్తా" అన్నాను.

జరగలేదు. "కొత్తది కదే, మాసిపోద్ది" అంది.