గుమ్మం మీద నూనె గీతలు

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే మా ద్వారబంధం మీద రెండు గీతలు కనిపించాయి. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. వేలితో రాసినట్టు, జిడ్డుగా...

అమ్మ గబగబా తలుపేసి గడియ పెట్టింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మాది తెనాలి వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఎల్‌బీ నగర్‌లో మేడ మీద అద్దెకుండేవాళ్లం. "ఆంధ్రా వాళ్ల ఇళ్లకి గుర్తులు పెడుతున్నారట" అని కూరగాయల బండి దగ్గర ఎవరో అన్నారు. అంతే... అమ్మకి నిద్ర కరువైంది.

సర్ఫు నీళ్లతో కడిగేసింది. మర్నాడు మళ్లీ ఉన్నాయి! మళ్లీ కడిగింది. మళ్లీ ప్రత్యక్షం.

అనుమానమంతా కింది వాటా మీదికే పోయింది. అక్కడ నల్గొండ నుంచి వచ్చిన సుగుణమ్మ ఆంటీ, ఆవిడ కొడుకు ఉండేవారు. ఆ అన్న మెళ్లో కండువాతో రోజూ ధర్నాలకి వెళ్లేవాడు. ఆంటీ ఏమో బంద్ రోజున పాలపాకెట్ తెచ్చి మా చేతిలో పెట్టేది.

"ఊరికే ఇంత ప్రేమ ఎవరు ఒలకబోస్తారండీ? ఏదో ఉంది" అనేది అమ్మ నాన్నతో. ఆ పాలు మాకివ్వకుండా పిల్లికి పోసింది. పిల్లి హాయిగా తాగి, మర్నాడు కూడా వచ్చి కూర్చుంది. అయినా అమ్మకి నమ్మకం కుదరలేదు.

చివరికి "పిల్లలతో ఇక్కడ నా వల్ల కాదు, ఊరెళ్లిపోదాం" అని బట్టలు సర్దేసింది. నా బడి, నా స్నేహితులు... నాకు ఒకటే ఏడుపు. వెళ్లేలోపు ఆ గీతలు పెట్టేదెవరో తేల్చుకోవాలని, తెల్లారకముందే అమ్మ తలుపు వెనక కాపు కాసింది. నేను కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు... అమ్మ ధడాల్న తలుపు తీసింది.

సుగుణమ్మ ఆంటీ! ఒక చేతిలో చిన్న సీసా. ఇంకో చేతి వేలు గుమ్మం మీద.

"మా ఇంటికి గుర్తులేంటండీ?" అమ్మ నిలదీసింది.

"గుర్తులా? అయ్యో, గిది సిలువమ్మా! చర్చిల ప్రార్థన జేసిన నూనె. బయటంత లొల్లి లొల్లిగుంది... మీ సారు సల్లగ ఇంటికి రావాలని పెడుతున్న."

"రోజూ కడిగేస్తున్నాను, చూడలేదా?"

"చూస్తనే ఉన్న. కడుగుడు నీ ఇష్టం, పెట్టుడు నా ఇష్టం."

"మమ్మల్ని మీ మతంలో కలుపుకోవాలనా?" అమ్మ అక్కడా వదల్లేదు.

"ప్రేమించుమన్నడమ్మా ప్రభువు, బదులు అడుగుమనలే. జర కిందికొచ్చి మా తలుపు చూడు. మా పోరడు పొద్దున పోతే మాపటికి ఇల్లు జేరుతడో, పోలీసుల లాఠీల కింద పడ్తడో... ఆనికీ గిదే నూనె."

అమ్మ వెళ్లి చూసింది. వాళ్ల గుమ్మం మీదా అవే గీతలు... ఎవరూ కడగక, దుమ్ము పట్టి నల్లబడిపోయి ఉన్నాయి.

పైకొచ్చి, సర్దిన బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత గుమ్మం తుడిచినప్పుడల్లా ఆ గీతల్ని వదిలి తుడిచేది. "అయినా ఏదో ఉంది" అని గొణుక్కుంటూనే!

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ తలుపుకి కెమెరా ఉంది. ఎవరు దగ్గరికొచ్చినా ఫోన్ మోగుతుంది. ఎదురింటివాళ్ల పేరు మాత్రం తెలీదు... అమ్మ పొద్దున్నే తలుపు తీయగానే గుమ్మం ఒకసారి తడిమి, వేళ్లు చూసుకుని లోపలికి వస్తుంది.

మీ గుమ్మం దగ్గరా ఇలా అడక్కుండా నిలబడినవాళ్లు ఉంటే రాయండి. అమ్మకి చదివి వినిపిస్తాను... ఊరికే ప్రేమించేవాళ్లు ఇంకా ఉన్నారంటే తను నమ్మడం లేదు.